తిట్టే జాతర... నవ్వే ఊరు!

గుబురు మీసం. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు. పట్టుచీర, సవరం పెట్టి అల్లిన జడ, చేతులనిండా గాజులు. అంత అలంకారంతో ఆ 'మహాలక్ష్మి' ఆటో తోలుకుంటూ పోతోంది! వెనకే స్కూటరు మీద ఒళ్లంతా తెల్లసుద్ద పూసుకున్న బైరాగి... వాడి ఒళ్లో వేపమండలు పట్టుకున్న నాలుగేళ్ల బుల్లి బైరాగి! ఎదురుగా వస్తున్న పెద్దమనిషి ఆ బైరాగిని చూసి నోరారా ఓ బూతు తిడతాడు. బైరాగి కోప్పడడు. పైగా నవ్వుతాడు. తిట్టినాయనా నవ్వుతాడు. వీధి అరుగుమీద కూర్చున్న అవ్వ అందరికంటే గట్టిగా నవ్వుతుంది.

ఆ ఊళ్లో ఎవరికీ మతి పోలేదు. అది మే నెల. ఆ ఊరు తిరుపతి. జరుగుతున్నది తాతయ్యగుంట గంగమ్మ జాతర!

తలాతోకా లేని హాస్యమంటే ఇప్పటి పిల్లలకు కార్టూన్ ఛానళ్లు గుర్తొస్తాయి. కారణం లేకుండా కిందపడేవాళ్లు, పెద్దల ముందు అనరాని మాటలు అనేసే బుడతలు, మగవాళ్లకు ఆడవేషాలు... ఇవన్నీ జపాన్ బొమ్మల సినిమాల సొత్తని వాళ్ల నమ్మకం. ఆ సరుకంతా తిరుపతి వీధుల్లో తరతరాలుగా ఉంది. అయితే ఒక ప్రశ్న మాత్రం రెండింటికీ ఒకటే. ఇలాంటి నవ్వు కాలానికి తట్టుకుంటుందా? నిన్న కడుపుబ్బ నవ్వించింది రేపు కూడా నవ్విస్తుందా, లేక ముఖం చిట్లించుకునేలా చేస్తుందా?

కొండ కింద మరో తిరుపతి

తిరుపతి అనగానే ఎవరికైనా ఏడుకొండలే గుర్తుకొస్తాయి. రోజూ 60 వేలమందికి పైగా ఎక్కే కొండ అది. అక్కడ అన్నిటికీ వరస ఉంటుంది. క్యూ, టోకెను, గంట, నిమిషం... సంప్రదాయ దుస్తులు. గోవింద నామం తప్ప మరో మాట పైకి రాదు.

అదే కొండ కింద, ఊరి నడిబొడ్డున, తాతయ్యగుంటలో గంగమ్మ ఉంటుంది. ఊరివాళ్ల లెక్కలో ఆమె వెంకన్నకు చెల్లెలు. అందుకే జాతరకు తిరుమల తిరుపతి దేవస్థానం నుంచి పుట్టింటి సారె వస్తుంది. అన్న దగ్గర ఎంత క్రమశిక్షణో చెల్లెలి దగ్గర అంత సందడి. అన్నకు లడ్డూ అయితే చెల్లెలికి అంబలి, పొంగలి. అన్న ముందు చేతులు కట్టుకుని నిలబడే ఊరు చెల్లెలి ముందు చీర కట్టుకుని చిందులేస్తుంది.

ఏటా ఎండలు నిప్పులు చెరిగే రోజుల్లో, ఒక మంగళవారం రాత్రి, చాటింపుతో జాతర మొదలవుతుంది. ఊరి పక్కనే ఉన్న అవిలాల గ్రామం అమ్మవారి పుట్టినిల్లు. అక్కడినుంచి పసుపు, కుంకుమ వస్తాయి. డప్పులతో పొలిమేరల్లో చాటింపు వేశారంటే ఇక ఊరు అమ్మ అధీనంలోకి వెళ్లినట్టే. జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదనేది పాత కట్టుబాటు. గుడిముందున్న స్తంభానికి అభిషేకాలు చేసి, ఒడిబాలు కడతారు. మళ్లీ మంగళవారం జాతర, ఆ తెల్లవారుజామున ముగింపు. అంటే వారం రోజులు. ఆ వారం రోజులూ లోకం తిరగబడుతుంది!

చిత్తూరు నడివీధి గంగమ్మ, పుంగనూరు సుగుటూరు గంగమ్మ, కుప్పం ప్రసన్న తిరుపతి గంగమ్మ, పర్వతం మీది బోయకొండ గంగమ్మ... ఈ సీమలో ఊరికో గంగమ్మ ఉంది. తిరుపతి జాతరను 2023లో ప్రభుత్వం రాష్ట్ర పండుగగా ప్రకటించింది. కానీ సర్కారు ముద్ర పడకముందు నుంచే ఈ ప్రాంతం వాళ్లకు పండగంటే ఇదే. ఉద్యోగాలకని బెంగళూరు, చెన్నై వెళ్లినవాళ్లు సంక్రాంతికి రాకపోయినా సరే, జాతరకు రాకపోతే ఇంట్లో ఊరుకోరు.

పాలెగాడి కోసం వేట

ఈ వేషాల వెనక నవ్వులాట కాని కథ ఒకటి ఉంది.

పూర్వం ఈ ప్రాంతాన్ని ఒక పాలెగాడు ఏలేవాడట. ఊళ్లో ఏ పిల్లకు పెళ్లయినా ముందు తన దగ్గరికి పంపాలన్నది వాడి శాసనం. అవిలాలలో పెరిగిన గంగమ్మ మీదా వాడి కన్ను పడింది. చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె విశ్వరూపం చూపించింది. అంతే... పాలెగాడు పరుగు లంకించుకుని ఎక్కడో దాక్కున్నాడు.

దాక్కున్నవాడిని పట్టుకోవడం ఎలా? గంగమ్మ వేషం మార్చింది. బైరాగిలా తిరిగింది. తోటిలా తిరిగింది. వేషానికో వీధి, వీధికో వేషం. వాడికి రోషం తెప్పించి బయటికి రప్పించాలని తిట్లు లంకించుకుంది. జనమూ గొంతు కలిపారు. ఎన్ని తిట్లు తిట్టినా ఆ పిరికివాడు కదల్లేదు. చివరికి దొర వేషం కట్టింది. ఎవరో పెద్ద దొర వచ్చాడని తెలియగానే దండం పెట్టుకోవడానికి పాలెగాడు తనంతట తానే బయటికొచ్చాడు. అమ్మ వాడి తల నరికింది!

పేదవాడి తిట్టుకు కదలనివాడు పెద్దవాడి పేరు వినగానే పరుగెత్తుకు రావడం... కథ మొత్తంలో అసలు హాస్యం ఇదే. ఇది కట్టుకథే కావచ్చు. కానీ పాలెగాళ్లు కట్టుకథ కాదు. ఇంగ్లిషువాళ్ల పాలన స్థిరపడేదాకా రాయలసీమలోనూ, ఉత్తర ఆర్కాటు సీమలోనూ కోటలు కట్టుకుని, కప్పాలు వసూలు చేసినవాళ్లే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా తిరుపతి ఆ ఉత్తర ఆర్కాటులోనే ఉండేది. ఊరి జ్ఞాపకంలో పాలెగాడంటే అడ్డూ అదుపూ లేని అధికారం. దాన్ని ఎదిరించే శక్తి లేనివాళ్లకు మిగిలింది రెండే... వేషం, నవ్వు.

రోజుకో వేషం

సంప్రదాయం ప్రకారం అమ్మవారి వేషాలు కట్టే హక్కు తిరుపతిలోని కైకాల వంశస్థులది. వాళ్లు ఇంటింటికీ తిరుగుతుంటే గుమ్మం ముందు నీళ్లు చల్లి, పసుపునీళ్లతో కాళ్లు కడిగి హారతి పడతారు. అక్కడ నవ్వుండదు. వచ్చింది పక్కవీధి మనిషని తెలిసినా దండం పెడతారు. ఎందుకంటే ఆ కాసేపు ఆయన అమ్మవారే.

వాళ్లతోపాటు ఊరంతా తోచిన వేషం కడుతుంది. బుధవారం బైరాగి... ఒంటికి తెల్లసుద్ద, చేతిలో వేపమండ. గురువారం బండ వేషం... ఒళ్లంతా కుంకుమ ఎరుపు, మీద కాటుక చుక్కలు. బూతులకు పేరుమోసిన రోజిది. శుక్రవారం తోటి... బొగ్గు నలుపు మీద తెల్లచుక్కలు. శనివారం దొర... చందనం పూత, నిమ్మకాయల దండ. ఆదివారం మాతంగి... అచ్చంగా ఆడవేషం. పాలెగాడు చచ్చాక వాడి పెళ్లాన్ని ఓదార్చడానికి అమ్మ ఈ రూపంలో వెళ్లిందట. శత్రువును చంపిన చేత్తోనే అతని భార్య కన్నీళ్లు తుడిచిందన్నమాట. ఈ ముక్కను మాత్రం పెద్దవాళ్లు గొంతు తగ్గించి చెబుతారు.

సోమవారం సున్నపు కుండలు. మంగళవారం జాతర... వెదురుబద్దలు, రంగుకాగితాలతో చిన్న గోపురాల్లా కట్టిన సప్పరాలను తలకెత్తుకుని భక్తులు గుడికి వెళతారు. ఎండ కింద కాళ్లు కాలుతుంటాయి. దారి పొడవునా అంబలి, మజ్జిగ పోసేవాళ్లుంటారు.

మగవాళ్లకు చీర కట్టడం పెద్ద తతంగం. కట్టేది ఇంట్లో ఆడవాళ్లే. అమ్మ చీరో, భార్య చీరో, అక్క గాజులో వేసుకోవాలి. "కుచ్చిళ్లు తొక్కతా ఉండావు, మెల్లంగా నడువు మేయ్!" అని భార్య మొగుణ్ని అదిలిస్తుంటే ఇల్లంతా నవ్వుతుంది. రోజూ చీరతో పరుగులు పెడుతూ వంటచేసే ఇల్లాలి కష్టం ఏమిటో ఆ పూట ఆ మగాడికి మడమల దగ్గర తెలుస్తుంది!

అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాయిస్ ఫ్లూకిగర్ 1990ల నుంచి తిరుపతికి వస్తూ పోతూ ఈ జాతరను అధ్యయనం చేశారు. 2013లో దీనిమీద పెద్ద పుస్తకమే వెలువరించారు. ఆ వారం రోజులూ లోకమంతా స్త్రీరూపం దాలుస్తుందన్నది ఆమె వాదన. మరి ఆడవాళ్లు వేషం కట్టరేం? వాళ్లలో అమ్మవారి అంశ ముందే ఉంది కాబట్టి వాళ్లకు వేషంతో పనిలేదు. మారాల్సింది మగవాళ్లే! అంతకుముందే, 1995లో, వెల్చేరు నారాయణరావు గౌరవార్థం వెలువడిన వ్యాస సంపుటిలో డాన్ హాండెల్‌మాన్ అనే పరిశోధకుడూ ఈ వేషాల గురించి రాశారు. వీధిలో నవ్వులాటగా కనిపించే వేషం అంత దూరం వెళ్లింది.

తిట్టు... కానీ తిట్టు కాదు

ఇక ఆ తిట్ల సంగతి. వాటిని ఇక్కడ అచ్చువేయడం కుదరదు! కొత్తవాళ్లు వింటే చెవులు మూసుకుంటారు. మామూలు రోజుల్లో అందులో ఒక్కటి అన్నా తలలు పగిలే తిట్లవి. జాతరలో మాత్రం అవి తగలవు. ఎందుకని?

మొదటిది, తిట్టేది మనిషిని కాదు, వేషాన్ని. కథ ప్రకారం ఆ తిట్టు వెళ్లాల్సింది ఎక్కడో దాక్కున్న పాలెగాడికి. ఎదురుగా ఉన్నవాడు కేవలం తపాలా పెట్టె.

రెండోది, అందరికీ ఆట నియమం తెలుసు. ఈ రోజు బండ వేషం, ఈ రోజు తిట్టొచ్చు. రేపు ఆ మాటే అంటే పంచాయితీ అవుతుంది. హద్దు ఎక్కడుందో తెలిసినవాడే హద్దు దాటి నవ్వించగలడు. అసలు హద్దే లేనిచోట దాటడానికేముంది, నవ్వడానికేముంది?

మూడోది, తిట్టేవాడు, తిట్టించుకునేవాడు ఒకరికొకరు తెలుసు. రేపు పొద్దున మళ్లీ అదే టీ కొట్టు దగ్గర కలుస్తారు. "ఏమన్నా, నిన్న బాగా ఏసుకున్నావే నన్ను!" అంటూ ఒకరి టీకి ఒకరు డబ్బులిస్తారు.

ఈ మూడూ ఉన్నంతకాలం తిట్టు నవ్వవుతుంది. ఒక్కటి జారినా తిట్టు తిట్టే.

జపాన్‌లోనూ ఇదే నవ్వు

దాక్కున్నవాళ్లను నవ్వుతో, అల్లరితో బయటికి రప్పించే కథ తిరుపతికి ఎన్నో వేల మైళ్ల దూరాన మరోటి ఉంది. జపాన్‌లో క్రీ.శ. 712లో గ్రంథస్థమైన 'కొజికి' అనే పురాణ సంకలనంలోది. తమ్ముడి ఆగడాలు భరించలేక సూర్యదేవత అమతెరసు ఒక గుహలోకి వెళ్లి బండ అడ్డం పెట్టుకుంది. లోకం చీకటైంది. అప్పుడు అమె నో ఉజుమె అనే మరో దేవత ఒక తొట్టిని బోర్లించి, దానిమీదెక్కి, ఒంటిమీద బట్టలు జారిపోతున్నా పట్టించుకోకుండా గెంతులేసింది. చుట్టూ ఉన్న దేవతలంతా పగలబడి నవ్వారు. లోకం చీకట్లో ఉంటే వీళ్లకు ఈ నవ్వేమిటని సూర్యదేవత తొంగి చూసింది. అంతే, చెయ్యిపట్టి బయటికి లాగేశారు. వెలుగు వచ్చింది!

అక్కడ వెలుగు కోసం నవ్వు, ఇక్కడ పాలెగాడి కోసం తిట్టు. రెండుచోట్లా మర్యాద చేయలేని పనిని అమర్యాద చేసింది. జపాన్‌లోని తకచిహో అనే ఊళ్లో చలికాలపు రాత్రుల్లో ఇప్పటికీ ఆ కథను ఆడతారు. వకయామా ప్రాంతంలోని హిదకగవాలో అయితే అక్టోబరులో ఏకంగా నవ్వుల జాతరే జరుగుతుంది. ముఖానికి తెల్లరంగు పూసుకున్న ఒక హాస్యగాడు గంటలు మోగిస్తూ, 'నవ్వండి... నవ్వండి' అంటూ ఊరంతా తిరుగుతాడు. మన బైరాగికి దూరపు చుట్టం కాబోలు!

ఆ నేల నుంచే తర్వాత కాలంలో ఇద్దరు మనుషుల హాస్యం పుట్టింది. 'మన్‌జాయ్' అంటారు. ఒకడు తలాతోకా లేకుండా మాట్లాడతాడు. రెండోవాడు 'ఏం కూశావురా' అని నెత్తిన ఒకటి ఇస్తాడు. జపాన్ హాస్య కార్టూన్లలో సగం ఈ జంట మీదే నడుస్తాయి. ఇది మనవాళ్లకు కొత్తా? తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క చేసేది అదే కదా! రామాయణ యుద్ధం మధ్యలో కేతిగాడు ఊడిపడి ఇంటి గొడవ మొదలుపెడతాడు. బంగారక్క వాడి వీపు మోగిస్తుంది. ఆ గొడవకూ రామాయణానికీ ఏ సంబంధమూ ఉండదు. అదే దాని అందం.

చిత్తూరు జిల్లా పల్లెల్లో ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే భారతం ఉత్సవాల్లోనూ అంతే. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సుమాను ఎక్కేరోజున పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో కింద సాష్టాంగపడి మొక్కుకుంటారు. చివరిరోజు మట్టితో చేసిన పే...ద్ద దుర్యోధనుడు నేలమీద పడుకుని ఉంటాడు. అంత గంభీరమైన కథలోనూ హాస్యగాడు ఉండాల్సిందే. పాండవుల కష్టాలకు కళ్లొత్తుకున్న జనమే రెండు నిమిషాల్లో వాడి మాటకు పొట్టచెక్కలయ్యేలా నవ్వుతారు. తెల్లారేదాకా కూర్చోబెట్టేది భారతమే, కానీ నిద్ర పోనివ్వనిది మాత్రం వాడే!

అవ్వకు లేని అభ్యంతరం

'షించాన్' గుర్తున్నాడు కదా! 1990లో యోషితో ఉసుయి గీసిన బొమ్మల కథగా మొదలై, 1992లో జపాన్ టీవీకెక్కిన అయిదేళ్ల అల్లరి పిడుగు. 2006లో మన దేశానికి వచ్చాడు. తెలుగులోనూ మాట్లాడాడు. పెద్దవాళ్లను వెక్కిరిస్తాడు, చూడకూడని చోట చూస్తాడు, లాగు విప్పి గెంతుతాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. తల్లిదండ్రులు మాత్రం బెంబేలెత్తారు. ఫిర్యాదులు వెల్లువెత్తడంతో 2008లో కేంద్రం ఆదేశాలతో ప్రసారం ఆగింది. కత్తిరింపులతో 2009లో మళ్లీ వచ్చాడు.

తమాషా ఏమిటంటే, షించాన్ నోటిమాటకు హడలిపోయిన ఇంట్లోనే, జాతర రోజున అవ్వ మనవడికి బొగ్గు పూసి, చేతికి వేపమండ ఇచ్చి, "పో నాయనా, తిట్టుకో పో!" అని తోలుతుంది. ఏది తప్పు, ఏది ఒప్పు?

నిజానికి అవ్వ మాటలో గందరగోళం లేదు. జాతరలో తిట్టే పిల్లాడి వెనక ఊరుంది. చాటింపుతో మొదలై చెంప నరకడంతో ఆగిపోతుందని వాడికి తెలుసు. టీవీలో అల్లరికి చాటింపూ లేదు, ముగింపూ లేదు. బడి నుంచి వచ్చిన ప్రతి సాయంత్రమూ జాతరే! జపాన్ పిల్లాడికి తమ ఇళ్లలో మర్యాదలు, వంగి దండాలు ఎంత కఠినమో తెలుసు కాబట్టి షించాన్ ఎక్కడ గీత దాటాడో ఇట్టే అర్థమవుతుంది. ఆ గీత తెలియనివాడికి మిగిలేది అల్లరి మాత్రమే. హాస్యం చెడిపోయిందని అనిపించినప్పుడు చాలాసార్లు చెడిపోయేది హాస్యం కాదు, దాని చుట్టూ ఉన్న తెలివిడి.

మరి ఈ నవ్వు నిలుస్తుందా?

తిరుపతిలో ఇప్పుడు ఆ తెలివిడికే పరీక్ష. ఒకప్పుడు వేషం కట్టినవాడెవరో వీధిలో అందరికీ తెలుసు. ఇప్పుడు ఊరు పెరిగింది. జాతరకు పక్క జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి జనం వస్తున్నారు. గుంపులో ముఖం తెలియని మగవాడు, దారిన పోతున్న తెలియని అమ్మాయిని ఒక మాట అంటే దాన్ని మొక్కు అనగలమా? అది వేధింపే. ఆడపిల్లల జోలికొచ్చిన పాలెగాడి తల నరికిన జాతరలో, ఆడపిల్ల భయపడి వీధి మారాల్సి వస్తే కథే తలకిందులవుతుంది. వేషం వేసుకున్నది పాలెగాడేనన్నమాట! ఈ తేడాను గట్టిగా చెప్పాల్సింది పోలీసులకంటే ముందు వేషం కట్టే మగవాళ్లే.

తోటి వేషం మరో ప్రశ్న వేస్తుంది. ఊరికి వెట్టి చేసిన మనిషిని అనుకరించి నవ్వడం ఈ కాలానికి నప్పుతుందా? నవ్వు ఆ మనిషి మీదైతే నప్పదు. కథను గుర్తుపెట్టుకుంటే మాత్రం అర్థం మారుతుంది. తోటిగా మారింది సాక్షాత్తూ అమ్మవారు. దొరల కళ్లకు ఆనని మనిషి రూపంలోనే శక్తి నడిచి వెళ్లిందని చెప్పే వేషం అది. గౌరవంగా కాళ్లు కడిగేది కూడా ఆ రూపానికే. కథ తెలిసినవాడికి ఒక అర్థం, తెలియనివాడికి ఒట్టి ఎగతాళి.

ఇక సినిమా. 2024 డిసెంబరులో వచ్చిన 'పుష్ప-2'లో అల్లు అర్జున్ నీలిరంగు పూసుకుని, చీరకట్టి, నిమ్మకాయల దండతో ఆడిన జాతర ఘట్టం దేశమంతా చూసింది. గంగమ్మ జాతర అంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా ఆ వేషాన్ని గుర్తుపడుతున్నారు. మగాడు చీర కట్టుకుంటే నవ్వాల్సిన పనిలేదని, భయపడాల్సి రావచ్చునని ఆ సన్నివేశం చూపించింది. మంచిదే. కానీ సెల్‌ఫోన్‌లో పదిహేను సెకన్లు మాత్రమే చూసేవాడికి పాలెగాడూ తెలియడు, అవిలాలా తెలియదు. కథ ఊడిపోయిన వేషం ఫ్యాన్సీ డ్రెస్ అవుతుంది. దాన్ని ఒకసారి చూసి నవ్వుతారు. రెండోసారి వేలితో పక్కకు తోసేస్తారు.

అయినా ఈ నవ్వు ఇన్నాళ్లు ఎలా నిలిచింది? జాగ్రత్తగా చూస్తే కారణం వేషాల్లో లేదు, మొక్కుల్లో ఉంది. వేసవిలో అమ్మవారు పోసి ఊళ్లకు ఊళ్లు వల్లకాడయిన రోజులున్నాయి. బిడ్డ బతికితే వేషం కడతానని తల్లిదండ్రులు మొక్కుకున్నారు. ఆ వేపాకు, పసుపునీళ్లు, చల్లటి అంబలి ఆ భయంలోంచి వచ్చినవే. టీకా పుణ్యమా అని 1980 నాటికి మశూచి ప్రపంచంలోనే లేకుండా పోయింది. భయం పోయింది. మొక్కు మిగిలింది. దాంతోపాటు నవ్వూ మిగిలింది.

ఇప్పటికీ, చీరకట్టుకుని ఎండలో నడుస్తున్న యువకుణ్ని ఆపి "ఏందన్నా ఈ ఏసం?" అని అడిగితే వచ్చే జవాబు జోకుగా ఉండదు. "పాపకు ఆపరేషనైంది. బాగైతే కడతానని మా అమ్మ మొక్కుకునింది." అంతే. చెప్పి, జడ వెనక్కి విసిరి నడిచి వెళ్లిపోతాడు. పక్కనుంచి ఎవరో ఒక కూత వేస్తారు. అతనూ బదులిస్తాడు. అందరూ నవ్వుతారు. ఆ నవ్వులో అతని పాప కూడా ఉంటుంది, తండ్రి భుజాల మీద కూర్చుని.

చూసేవాడికి మాత్రమే తమాషాగా ఉన్న హాస్యం చూసేవాడితోనే పోతుంది. చేసేవాడికి దానితో పని ఉంటే అది నిలుస్తుంది. తిరుపతి జాతరకు ఆ పని ఇంకా ఉంది. కథ చెప్పే అవ్వలు, తాతలు ఉన్నంతకాలం, వినే మనవళ్లు దొరికినంతకాలం ఉంటుంది.

చెంప నరికిన తెల్లారి

మంగళవారం రాత్రంతా గుడిముందు మట్టితో అమ్మవారి పెద్ద ముఖం రూపుదిద్దుకుంటుంది. అదే విశ్వరూపం. కోరలు, పెద్ద కళ్లు, ఎర్రటి నాలుక. బుధవారం తెల్లవారుజామున పేరంటాలు వేషం కట్టిన కైకాల వంశస్థుడు వచ్చి ఆ చెంప నరుకుతాడు. ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. చిటికెడు దొరికినా చాలు... ఇంటికి తెచ్చుకుని దాచుకుంటారు, జబ్బు చేస్తే నీళ్లలో కలిపి నుదుట రాస్తారు.

అంతటితో సరి. వారం రోజుల అల్లరికి తెర పడుతుంది. చీరలు ఉతికి దండెం మీద ఆరేస్తారు. గాజులు అక్కచెల్లెళ్ల పెట్టెల్లోకి వెళతాయి. తలుపు సందుల్లో వేపాకు ఎండుతూ ఉంటుంది. ఆటో డ్రైవరు మళ్లీ లుంగీలోకి, గుమాస్తా మళ్లీ ప్యాంటులోకి వచ్చేస్తారు. నిన్న నోటికొచ్చింది తిట్టిన మనిషే ఈ రోజు, "బాగుండావా అన్నా? టిఫిను తిన్నావా?" అని పలకరిస్తాడు.

అయితే మెడ వెనక, చెవి కింద, గోళ్ల సందుల్లో కాస్త రంగు మిగిలిపోతుంది. ఎంత రుద్దినా రెండు మూడు రోజులు వదలదు. ఆ వారంలో తిరుపతి ఆఫీసుల్లో ఎవరి మెడ మీదైనా ఎర్రటి మరక కనిపిస్తే ఎవరూ ఏమీ అడగరు. చూసి, చిన్నగా నవ్వుకుంటారు.

వెళ్లాలనుకుంటే...

జాతర సాధారణంగా మే నెలలో వస్తుంది. తేదీలు ఏటా మారతాయి కాబట్టి ముందే కనుక్కోవాలి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి విడిగా జిల్లా అయింది. రైలు, బస్సు, రేణిగుంట విమానాశ్రయం... ఏ దారినైనా చేరుకోవచ్చు. గుడి ఊళ్లోనే ఉంది. రైల్వేస్టేషను నుంచి ఆటోలో వెళ్లొచ్చు. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఉదయం పూట నయం. ఎండ ఎక్కువ, నీళ్ల సీసా, టోపీ తప్పనిసరి. ఎవరైనా అంబలి పోస్తే కాదనకండి. వేషం కట్టినవాళ్లను ఫొటో తీసేముందు ఒకమాట అడగండి, వాళ్లలో ఎక్కువమంది మొక్కులో ఉంటారు. అన్నిటికంటే ముఖ్యం, వెళ్లేముందు పిల్లలకు పాలెగాడి కథ చెప్పండి. కథ తెలిసి చూస్తే అది జాతర. తెలియక చూస్తే ఒట్టి జనం!